జ్యోతి యర్రాజి: సెకనులో వందో వంతు కోసం పరుగు

జ్యోతి యర్రాజి విశాఖపట్నంలో పుట్టిపెరిగిన తెలుగు అమ్మాయి. మహిళల 100 మీటర్ల హర్డిల్స్‌లో 12.78 సెకన్లతో భారత జాతీయ రికార్డు నెలకొల్పింది. ఈ పోటీలో 13 సెకన్ల లోపు పరుగెత్తిన తొలి భారతీయురాలు ఆమే. ఆసియా ఛాంపియన్‌షిప్‌లో ఈ విభాగంలో బంగారు పతకం తెచ్చిన తొలి భారతీయురాలు, ఒలింపిక్స్‌లో ఈ పరుగు పరుగెత్తిన తొలి భారతీయురాలు కూడా ఆమే. హర్డిల్స్‌తో పాటు 200 మీటర్ల మామూలు పరుగులోనూ ఆసియా రజతం గెలిచింది.

స్కూల్ మీట్‌లో ఫస్టు వచ్చిన ఆడబిడ్డ ఇంటికొచ్చి "ఇంకా పరిగెత్తుతాను" అంటే, అమ్మీ-అబ్బా మొదట అడిగేది ఒకటే మాట: దీంతో ఏమొస్తుంది? ఆ ప్రశ్నకు జ్యోతి కెరీర్ మొత్తం ఒక జవాబు. అందులో పతకాలు ఉన్నాయి, ఓటములూ ఉన్నాయి, చేతిదాకా వచ్చి జారిపోయిన రికార్డులు కూడా ఉన్నాయి.

ఇల్లు, బడి, మొదటి కోచ్

జ్యోతి 1999 ఆగస్టు 28న పుట్టింది. నాన్న సెక్యూరిటీ గార్డు. అమ్మ ఇళ్లలో పనిచేస్తూ, ఆసుపత్రిలో క్లీనింగ్ పని కూడా చేసేది. విశాఖలోని పోర్ట్ హైస్కూల్‌లో చదువుతున్నప్పుడు అక్కడి పీఈటీ ఆమె ఎత్తు, కాళ్ల పొడవు చూసి హర్డిల్స్‌కు పనికొస్తుందని గుర్తించారు. 2015లో రాష్ట్ర అంతర్ జిల్లా మీట్‌లో బంగారు పతకం రావడంతో పేరు బయటికొచ్చింది.

2016లో హైదరాబాద్ వెళ్లి భారత క్రీడా ప్రాధికార సంస్థ, అంటే సాయ్ కోచ్ నాగపురి రమేష్ దగ్గర చేరింది. తర్వాత భువనేశ్వర్‌లోని రిలయన్స్ ఫౌండేషన్ ఒడిశా అథ్లెటిక్స్ కేంద్రంలో బ్రిటన్ కోచ్ జేమ్స్ హిల్లియర్ శిక్షణలోకి వెళ్లింది. అంతర్జాతీయ పతకాలన్నీ ఆ తర్వాతే వచ్చాయి.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. అడుగడుగునా ఎవరో ఒకరు సమయానికి చూశారు: ముందు పీఈటీ, తర్వాత రాష్ట్ర మీట్, తర్వాత సాయ్ కోచ్, చివరికి విదేశీ కోచ్. మెహనత్ బిడ్డదే. కానీ ఆ మెహనత్‌ను గుర్తించే కన్ను బడిలోనే మొదలవ్వాలి.

ఈ పరుగు ఎలా ఉంటుంది?

100 మీటర్ల హర్డిల్స్ అంటే దారిలో 10 అడ్డంకులు. ఒక్కోటి 83.8 సెంటీమీటర్ల ఎత్తు. బయలుదేరే గీత నుంచి మొదటి హర్డిల్‌కు 13 మీటర్లు, ఒక హర్డిల్‌కీ ఇంకో హర్డిల్‌కీ మధ్య 8.50 మీటర్లు, చివరి హర్డిల్ నుంచి ముగింపు గీతకు 10.50 మీటర్లు. రెండు హర్డిల్స్ మధ్య సరిగ్గా మూడు అడుగులే వేయాలి. ఒక అడుగు పొట్టిదైనా, పొడవైనా తర్వాతి హర్డిల్ తగులుతుంది. హర్డిల్ తగిలి కింద పడినంత మాత్రాన తప్పు కాదు. కానీ తగిలిన ప్రతిసారీ వేగం తగ్గుతుంది.

రెండు నిబంధనలు జ్యోతి కథలో మళ్లీ మళ్లీ వస్తాయి. మొదటిది గాలి. పరుగెత్తేవాళ్ల వెనకనుంచి వీచే గాలి సెకనుకు 2 మీటర్లు దాటితే ఆ టైమ్‌తో పతకం గెలవొచ్చు, కానీ అది రికార్డు పుస్తకంలోకి ఎక్కదు. రెండోది స్టార్ట్. తుపాకీ పేలకముందే కదిలితే మొదటి తప్పుకే బయటికి పంపిస్తారు. పేలిన తర్వాత కూడా 0.1 సెకను లోపల కదిలితే, శబ్దం విని కాదు, ముందే ఊహించి కదిలినట్టు లెక్క.

రికార్డు మూడు సార్లు అందినట్టే అంది

భారత జాతీయ రికార్డు 2002 నుంచి ఒడిశాకు చెందిన అనురాధ బిస్వాల్ పేరు మీద ఉండేది: 13.38 సెకన్లు. దాన్ని ఎవరూ కదపలేకపోయారు.

2020 జనవరిలో మూడబిద్రిలో జరిగిన అంతర్ విశ్వవిద్యాలయ మీట్‌లో జ్యోతి 13.03లో పరుగు ముగించింది. పాత రికార్డు కంటే చాలా ముందు. కానీ డోప్ పరీక్ష వంటి నిబంధనల ఏర్పాట్లు ఆ మీట్‌లో లేకపోవడంతో అది రికార్డు కాలేదు.

2022 ఏప్రిల్‌లో కోజికోడ్ ఫెడరేషన్ కప్‌లో 13.09 వచ్చింది. ఈసారి గాలి సెకనుకు 2.1 మీటర్లు. హద్దు 2.0. తేడా సెకనుకు పది సెంటీమీటర్ల గాలి. రికార్డు మళ్లీ పోయింది.

2022 మే 10న సైప్రస్‌లోని లిమాసోల్‌లో 13.23 వచ్చింది. గాలి సరిగ్గా ఉంది, నిబంధనలూ సరిగ్గా ఉన్నాయి. ఇరవై ఏళ్ల రికార్డు అక్కడ చెరిగిపోయింది. ఆ నెలలోనే ఇంగ్లండ్‌లోని లఫ్‌బరోలో 13.11, నెదర్లాండ్స్‌లోని వుఖ్ట్‌లో 13.04. ఒకే నెలలో మూడు సార్లు జాతీయ రికార్డు తిరగరాసింది.

ఆ ఏడాది జాతీయ క్రీడల్లో 12.79 పరుగెత్తితే గాలి మళ్లీ హద్దు దాటింది. అక్టోబరు 17న బెంగళూరు జాతీయ ఓపెన్‌లో 12.82 వచ్చింది. ఈసారి గాలి హద్దులోనే ఉంది. 13 సెకన్ల గోడ అధికారికంగా కూలింది ఆ రోజే.

అదే సంవత్సరం బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో మాత్రం హీట్స్‌లో 13.18తోనే ఆగిపోయింది. 4×100 మీటర్ల రిలే జట్టులో మాత్రం ఫైనల్ పరుగెత్తింది. ఇంట్లో రికార్డు వేరు, పెద్ద వేదిక మీద అదే టైమ్ రాబట్టడం వేరని తెలిసింది అక్కడే.

2023: మూడు ఖండాంతర పతకాలు, ఒక గొడవ

2023 జూలై 13న బ్యాంకాక్ ఆసియా అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్‌లో జ్యోతి 13.09తో బంగారం గెలిచింది. జపాన్ అమ్మాయిలు తెరాడా అసుకా, అయోకి మసుమి ఆమె వెనక రజతం, కాంస్యం తీసుకున్నారు. టైమ్ గొప్పది కాదు. కానీ ఆసియా ఛాంపియన్‌షిప్ 1973లో మొదలైనప్పటి నుంచి ఈ విభాగంలో భారత్‌కు బంగారం రావడం అదే మొదటిసారి. అదే పోటీల్లో 200 మీటర్లలో 23.13తో రజతం కూడా వచ్చింది. అందులో బంగారం సింగపూర్‌కు చెందిన వెరోనికా శాంతి పెరీరాది.

ఆగస్టులో చైనాలోని చెంగ్డూలో ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడలు. అక్కడ 12.78తో కాంస్యం, కొత్త జాతీయ రికార్డు. ఆ నెలలోనే బుడాపెస్ట్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో హీట్స్‌లో 13.05. ముందుకు వెళ్లలేకపోయింది.

అక్టోబరు 1న హాంగ్‌జౌ ఆసియా క్రీడల ఫైనల్. పక్క లేన్‌లో చైనా స్టార్ వు యాన్ని. తుపాకీ పేలకముందే వు కదిలింది. ఆ కదలిక చూసి జ్యోతి కూడా కదిలింది. అధికారులు మొదట ఇద్దరినీ తప్పించబోయారు. జ్యోతి ట్రాక్ వదల్లేదు. తాను ముందు కదల్లేదని, వీడియో చూడమని అక్కడే వాదించింది. నిండు స్టేడియం చైనాది, పోటీదారు చైనాది. అయినా ఆమె గొంతు తగ్గలేదు. చివరికి ఇద్దరినీ పరుగెత్తనిచ్చారు. జ్యోతి 12.91తో మూడో స్థానంలో వచ్చింది. పరుగు తర్వాత పరిశీలనలో వు యాన్నిని అనర్హురాలిగా తేల్చారు. జ్యోతి కాంస్యం రజతంగా మారింది. బంగారం చైనాకే చెందిన లిన్ యువెయిది.

ఇది పిల్లలకు చెప్పాల్సిన కథ. నిబంధన తెలిసినవాళ్లే తమ హక్కు అడగగలరు. అరుపులు, గోల లేకుండా, నిలబడ్డ చోటు నుంచి కదలకుండా అడగడం కూడా ఆటలో భాగమే.

పారిస్: 12.77కీ 12.78కీ మధ్య

2024 పారిస్ ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత టైమ్ 12.77 సెకన్లు. జ్యోతి రికార్డు 12.78. తేడా సెకనులో వందో వంతు. ఆ వేగంతో పరుగెత్తే మనిషికి అది ఎనిమిది సెంటీమీటర్ల దూరం. ఒక అరచేయి వెడల్పు.

2024 ఫిబ్రవరిలో టెహ్రాన్ ఆసియా ఇండోర్ ఛాంపియన్‌షిప్‌లో 60 మీటర్ల హర్డిల్స్‌లో 8.12తో బంగారం గెలిచింది. మే నెలలో ఫిన్లాండ్‌లోని యివాస్కిలాలో పరుగెత్తితే మళ్లీ సరిగ్గా 12.78 వచ్చింది. ఆ వందో వంతు దొరకనే లేదు. చివరికి ప్రపంచ ర్యాంకింగ్ ద్వారా ఒలింపిక్ టికెట్ దొరికింది. ఒక్క రోజు మెరుపు కాకుండా, ఏడాది పొడవునా మీట్‌లలో నిలకడగా పరుగెత్తిన దానికి ఫలితం అది.

పారిస్‌లో ఆగస్టు 7న హీట్‌లో 13.16తో ఏడో స్థానం. మొదటి రౌండ్‌లో వెనకబడ్డవాళ్లకు రెండో అవకాశంగా ఆ ఒలింపిక్స్‌లోనే కొత్తగా రెపిషాజ్ రౌండ్ పెట్టారు. మర్నాడు అందులో 13.17తో నాలుగో స్థానం. ముందుకు పోవాలంటే మొదటి రెండు స్థానాల్లో ఉండాలి. ప్రయాణం అక్కడ ముగిసింది. ఫైనల్‌లో అమెరికాకు చెందిన మసాయ్ రస్సెల్ 12.33తో బంగారం తీసుకుంది.

లెక్క దాచాల్సిన పనిలేదు. నైజీరియాకు చెందిన టోబి అముసాన్ 2022లో పెట్టిన ప్రపంచ రికార్డు 12.12. జ్యోతి రికార్డుతో తేడా 0.66 సెకను. ట్రాక్ మీద అది దాదాపు ఐదు మీటర్లు. ఆసియాలో ముందు వరుసలో ఉన్న అమ్మాయి ప్రపంచ ఫైనల్‌కు ఇంకా దూరంలోనే ఉంది. కానీ 13.38 దగ్గర ఇరవై ఏళ్లు ఆగిపోయిన దేశం రెండేళ్లలో 12.78కి చేరింది. అది కూడా లెక్కే.

2024 సంవత్సరానికి కేంద్ర ప్రభుత్వం ఆమెకు అర్జున అవార్డు ఇచ్చింది.

2025: గుమిలో బంగారం, తర్వాత గాయం

2025 మే 29న దక్షిణ కొరియాలోని గుమిలో ఆసియా ఛాంపియన్‌షిప్ ఫైనల్. 12.96 సెకన్లు, పోటీల కొత్త రికార్డు, వరుసగా రెండోసారి బంగారం. జపాన్ అమ్మాయి తనాకా యుమి రజతం, హాంగ్‌జౌలో పక్క లేన్‌లో ఉన్న వు యాన్ని కాంస్యం తీసుకున్నారు. వర్షం వల్ల స్టాండ్లు దాదాపు ఖాళీగా ఉన్నాయి. ఆ ఖాళీ స్టేడియంలో జాతీయ గీతం వినిపిస్తుంటే పతకం వేసుకున్న జ్యోతి కళ్లు తుడుచుకున్న వీడియో దేశమంతా చూసింది.

ఆ తర్వాత కొద్ది వారాలకే శిక్షణలో మోకాలికి గాయమైంది. లిగమెంట్ దెబ్బతిని శస్త్రచికిత్స జరిగింది. సెప్టెంబరులో టోక్యోలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ తప్పిపోయింది.

ఇలాంటి గాయం అంటే నెలల తరబడి ఫిజియోథెరపీ. ముందు నడక, తర్వాత జాగింగ్, చివర్లోనే హర్డిల్స్. వయసు అయిపోయిందా అంటే, లేదు. కజకిస్తాన్‌కు చెందిన ఓల్గా షిషిగినా ఇదే పోటీలో 2000 సిడ్నీ ఒలింపిక్ బంగారం గెలిచినప్పుడు ఆమెకు 31 ఏళ్లు. 12.44తో ఆసియా రికార్డు కూడా ఆమె పెట్టిందే.

కెరీర్ ఒక చూపులో

2022 మే, లిమాసోల్: 13.23, తొలి జాతీయ రికార్డు
2022 అక్టోబరు, బెంగళూరు: 12.82, 13 సెకన్ల లోపు తొలి భారతీయురాలు
2023 జూలై, బ్యాంకాక్ ఆసియా ఛాంపియన్‌షిప్: 100 మీ. హర్డిల్స్ బంగారం (13.09), 200 మీ. రజతం (23.13)
2023 ఆగస్టు, చెంగ్డూ ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడలు: కాంస్యం (12.78, జాతీయ రికార్డు)
2023 అక్టోబరు, హాంగ్‌జౌ ఆసియా క్రీడలు: రజతం (12.91)
2024 ఫిబ్రవరి, టెహ్రాన్ ఆసియా ఇండోర్: 60 మీ. హర్డిల్స్ బంగారం (8.12)
2024 ఆగస్టు, పారిస్ ఒలింపిక్స్: హీట్ 13.16, రెపిషాజ్ 13.17
2025 మే, గుమి ఆసియా ఛాంపియన్‌షిప్: బంగారం (12.96)

అదే కోచ్, ఇంకో అమ్మాయి

జ్యోతిని తీర్చిదిద్దిన నాగపురి రమేష్ దగ్గరే వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి కూడా పరుగు నేర్చుకుంది. దీప్తికి పుట్టుకతో మేధోపరమైన వైకల్యం ఉంది. ఊళ్లో కొందరు ఎగతాళి చేసినా ఇంట్లోవాళ్లు ఆమెను దాచిపెట్టలేదు, మైదానానికి పంపారు. 2024 మేలో జపాన్‌లోని కోబే పారా ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో 400 మీటర్ల టీ20 విభాగంలో 55.07తో ప్రపంచ రికార్డు పెట్టి బంగారం గెలిచింది. ఆ సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82తో కాంస్యం తెచ్చింది. ప్రత్యేక అవసరాలున్న బిడ్డ ఇంట్లో ఉన్న అమ్మానాన్నలు ఈ పేరు గుర్తుపెట్టుకోవాలి.

మన ఇళ్లలో వచ్చే ప్రశ్న: బట్టల సంగతేంటి?

చాలామంది బిడ్డల పరుగు ఆగిపోయేది ఇక్కడే. ఈ విషయంలో ప్రపంచ చరిత్ర చూస్తే ధైర్యం వస్తుంది. 1984 లాస్ ఏంజెలిస్‌లో మొరాకోకు చెందిన నవాల్ అల్ ముతవక్కిల్ 400 మీటర్ల హర్డిల్స్ గెలిచింది. అరబ్ మహిళల్లో అదే తొలి ఒలింపిక్ బంగారం. ఆ రోజు పుట్టిన ఆడపిల్లలకు నవాల్ అని పేరు పెట్టమని మొరాకో రాజు ప్రకటించారు. 2006 దోహా ఆసియా క్రీడల్లో బహ్రెయిన్‌కు చెందిన రుకయ్యా అల్ గస్రా తల, చేతులు, కాళ్లు కప్పుకునే 200 మీటర్ల బంగారం గెలిచింది. 2010 ఢాకా దక్షిణాసియా క్రీడల్లో కరాచీ అమ్మాయి నసీమ్ హమీద్ 100 మీటర్లలో 11.81తో దక్షిణాసియాలో వేగవంతమైన మహిళ అయింది. 2016 రియోలో అమెరికా ముస్లిం క్రీడాకారిణి దలీలా ముహమ్మద్ 400 మీటర్ల హర్డిల్స్ బంగారం తెచ్చింది. మన దగ్గర నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ బాక్సింగ్‌లో 2022, 2023 ప్రపంచ ఛాంపియన్.

వీళ్లలో కొందరు తల కప్పుకున్నారు, కొందరు కప్పుకోలేదు. ఒంటికి అతుక్కుని ఉండి, గాలికి ఎగరని స్పోర్ట్స్ హిజాబ్, ఫుల్ స్లీవ్స్, లెగ్గింగ్స్ వేసుకుని స్ప్రింట్ చేయొచ్చని రుకయ్యా చూపించింది. బిడ్డ ఏ బట్టలతో పరుగెత్తాలి అన్నది ఇంట్లో కూర్చుని మాట్లాడుకుని, పీఈటీకి ముందే చెప్పుకోవాల్సిన విషయం. పోటీ రోజు పొద్దున గొడవ పడాల్సింది కాదు.

పాకాల నుంచి దారి ఎటు?

పాకాల జంక్షన్ నుంచి తిరుపతికి సుమారు 40 కిలోమీటర్లు. పరుగులో చురుగ్గా ఉన్న బిడ్డకు మొదటి మెట్టు బడిలోనే ఉంది.

స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు అండర్-14, అండర్-17, అండర్-19 విభాగాల్లో జరుగుతాయి. మండలం, జిల్లా, రాష్ట్రం, ఆ తర్వాత జాతీయ స్థాయి. ఎంపిక తేదీలు పీఈటీకే ముందు తెలుస్తాయి కాబట్టి, బడులు తెరిచిన నెలలోనే వెళ్లి అడగాలి.

పుట్టిన తేదీ సర్టిఫికెట్, ఆధార్, బడి రికార్డు మూడింట్లో పేరు, తేదీ ఒకేలా ఉండాలి. ఉర్దూ పేర్ల స్పెల్లింగ్ ఒక్కోచోట ఒక్కోలా పడటం మన ఇళ్లలో మామూలే. ఎంపిక రోజు అదే అడ్డం వస్తుంది. ముందే సరిచేయించుకోవాలి.

పరుగు నేర్పించేటప్పుడు తొందర వద్దు. చిన్న వయసులో హర్డిల్స్ ఎత్తు తక్కువ పెడతారు. అండర్-18 అమ్మాయిలకు అది 76.2 సెంటీమీటర్లే. పెద్దవాళ్ల ఎత్తు మీద పిల్లలతో సాధన చేయిస్తే మోకాళ్లు పాడవుతాయి.

మందుల విషయంలో జాగ్రత్త ఉండాలి. జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ నిబంధనల ప్రకారం ఒంట్లో నిషేధిత పదార్థం దొరికితే బాధ్యత క్రీడాకారిణిదే, తెలియక తిన్నా సరే. దగ్గు మందైనా, హకీం ఇచ్చిన పొడైనా, జిమ్‌లో అమ్మే ప్రోటీన్ డబ్బా అయినా, అందులో ఏముందో తెలియకుండా పోటీలు ఆడే బిడ్డకు ఇవ్వకూడదు.

రమజాన్‌లో ఉపవాసం ఉండే బిడ్డ ఆ సంగతి కోచ్‌కు ముందే చెప్పాలి. గట్టి సాధనను ఇఫ్తార్ తర్వాతకు జరిపి, పగలు తేలికపాటి కసరత్తుతో సరిపెట్టుకోవచ్చు. సహరీలో నీళ్లు, నిద్ర తగ్గకుండా చూసుకోవాలి.

చివరగా చదువు. జ్యోతికి చెంగ్డూ కాంస్యం వచ్చింది విశ్వవిద్యాలయ క్రీడల్లోనే. చదువుకుంటేనే ఆ పోటీలో నిలబడే అర్హత. తాలీమ్, పరుగు ఒకదానికొకటి అడ్డం కాదు. పదో తరగతి, ఇంటర్ పరీక్షలు పోకుండా మైదానానికి టైమ్ ఇచ్చే ఇల్లు ఉంటే, ఈ వైపు నుంచి కూడా ఒక బిడ్డ ఆ గీత దాకా వెళ్తుంది, ఇన్షా అల్లాహ్.